కాళ్ళ పగుళ్ళ మందు

మార్చి 19, బుధవారం

ముందుగా ఒక మాట రాసి పెట్టుకుంటున్నాను. నాకేమీ లేదు.

మహిళా దినోత్సవం నాడు టీచర్లకు ఉచిత పరీక్షలంటే అందరితో పాటు నేనూ పోయాను. ముందే రిటైర్మెంటు తీసుకున్నాక ఉచితం అన్న మాట వింటే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్షుతో తుడిచి ఏదో తీసుకున్నారు. వారం దాటగానే ఫోన్. కణాల్లో తేడా ఉందట. కర్నూలు నుంచి ప్రతి బుధవారం ఆదోనికి ఒక డాక్టరమ్మ వస్తుంది, యంత్రం పెట్టి దగ్గరగా చూస్తుంది, రమ్మన్నారు.

ఆయనకు చెప్పలేదు. చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి ఆదోనికి పోతున్నానన్నాను. నేతగాళ్ళ ఊరు ఎమ్మిగనూరులో కాపురముంటూ చీర పనికి ఆదోని దాకా ఎందుకని అడగాలి కదా ఏ మొగుడైనా. ఈయన అడగలేదు. చిల్లర ఉందా అని మాత్రం అడిగాడు. కండక్టరుగా రిటైరైన మనిషికి మిగిలిన ప్రశ్న అదొక్కటే.

డాక్టర్ సాదియా చిన్నపిల్ల. నా దగ్గర ఛందస్సు నేర్చుకున్న పిల్లల వయసు. బల్ల మీద పడుకోబెట్టి దుర్భిణి లాంటి దాంట్లోంచి చాలాసేపు చూసింది. ఏ డాక్టరైనా అంతసేపు చూస్తే మనిషికి ఏమనిపిస్తుంది? నాకేమీ అనిపించలేదు. గోడ మీద క్యాలెండరులో అచ్చుతప్పులు చూస్తూ పడుకున్నాను.

"మేడం, ముట్లు నిలిచి ఎన్నేండ్లయింది?"

"ఎనిమిదేళ్ళు."

"అందుకే. వయసుతో ఆ చర్మం పల్చబడి ఎండిపోతాది. నేను చూడాల్సిన చోటు లోపలికి ముడుచుకుపోయింది. సగమే కనపడ్తాంది. మిగతా సగంలో ఏముందో నేను చెప్పలేను."

ఈస్ట్రోజెన్ క్రీమ్ రాసింది. మూడు వారాలు రోజూ పడుకునే ముందు ప్లాస్టిక్ గొట్టంతో లోపల పెట్టుకోవాలట. చర్మం మళ్ళీ కాస్త లేతబడి, ముడుచుకున్న చోటు ఇవతలికొస్తుందట. అప్పుడు మళ్ళీ చూస్తుందట.

"అప్పటికీ కనపడకపోతే?"

"చూడకుండానే లోతుగా పెద్ద ముక్క తీయాల్సొస్తాది. చూసి చిన్న ముక్క తీసేది మేలు గదా మేడం. మధ్యలో మాత్రం మానొద్దు."

అది ఆ జబ్బేనా అని నేను అడగలేదు. ఏమీ లేనప్పుడు అడగడమెందుకు.

బస్టాండు దగ్గర మందుల షాపు అక్బర్‌ది. నా శిష్యుడే, తెలుగులో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. "ఎవరికి టీచర్ ఇది?" అన్నాడు. పక్కింటామెకు అన్నాను. పక్కింటామె దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా పడుకోవాలో, ఎంతవరకు పెట్టుకోవాలో షాపు ముందున్న జనమంతా వినేలా వివరించాడు. నేను పక్కింటామె తరఫున తల ఊపుతూ నిలబడ్డాను. షాపులో ఉన్నది అదొక్క ట్యూబేనట. ఎవరూ అడగని మందట.

మార్చి 20

అత్త ట్యూబు చూసేసింది. ఎనభై దాటినా గంగమ్మ గారి కంటికి కొత్త వస్తువు ఇట్టే ఆనుతుంది.

"ఏందే అది?"

"కాళ్ళ పగుళ్ళ మందత్తా."

ఇంకేమైనా చెప్పి ఉండొచ్చు. పంటి నొప్పి అనొచ్చు, జండూబామ్ అనొచ్చు. నోట్లోంచి కాళ్ళ పగుళ్ళే వచ్చాయి. అత్త మంచం మీద కూర్చుని పాదం నా ముందు చాపింది. ఎండాకాలం నల్లరేగడి చేను ఎలా ఉంటుందో ఆ పాదం అలా ఉంది.

"గొట్టమెందుకు?"

"పగుల్లోకి బాగా దిగడానికి."

రాశాను. ఏం చేయను?

మార్చి 22

అత్త మడమలు మెత్తబడ్డాయి. నాకు మాత్రం మంటగా ఉంది.

మార్చి 24

ఇప్పుడు ఆయన కూడా. ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడిన కాళ్ళు, పగుళ్ళకు కొదవేముంది. "మా యమ్మకు బాగా పట్టినాది, నాకూ కొంచెం" అంటూ గోరింటాకు పెట్టించుకునే పెళ్ళికూతురిలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఆ చెప్పేదేదో చెప్పలేకే కదా ఇంత దూరం వచ్చింది.

ట్యూబు సగానికి పడింది. తీసుకుపోయి నిఘంటువు వెనక దాచాను. ఈ ఇంట్లో నేను తప్ప దాని జోలికి పోయేవాళ్ళు లేరు.

మార్చి 26

అత్త తన కూతురికి ఫోన్ చేసి మందు మహిమ చెప్పింది. కూతురంటే మా ఎల్లమ్మ వదిన, ఆయనకు అక్క, ఉండేది వాళ్ళు పుట్టిన ఊరు కైరుప్పలలోనే. ఆమెకు ఫోన్ అవసరం లేదు, మిద్దె ఎక్కి మాట్లాడినా ఎమ్మిగనూరుకు వినిపిస్తుంది.

"సరస్వతీ! ఉగాదికి వస్తారు గదా, ఆ మందు తీస్కరా! మరిసిపోతే గడప తొక్కనీను!"

ఉగాదికి నేను రానన్నాను ఆయనతో. పిడకల ఆట వదిలి కైరుప్పల మగవాడు ఎక్కడైనా ఉంటాడా, అన్నాడు. ఉగాది మరుసటి రోజు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. దేవుడి పెళ్ళి మాట మీద తగువట. మనుషులకు తలలు పగిలాక దేవుడికి పెళ్ళవుతుంది. ఆయన ఏటా చూడటానికే పోతానంటాడు. ఏటా ఏదో ఒక చోట బొప్పి కట్టించుకుని వస్తాడు.

పోక తప్పేట్టు లేదు. మధ్యలో మానొద్దంది కాబట్టి ట్యూబు సంచిలో అడుగున పెట్టుకున్నాను.

మార్చి 30, ఉగాది

పంచాంగంలో ఈ ఏడు స్త్రీలకు ఆరోగ్యం బాగుంటుందని చదివారు. నాకు పంచాంగం మీద నమ్మకం లేదు. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం నమ్మాను. పంతులు పక్క మాటకు పోయాక కూడా మనసులో నాలుగైదు సార్లు చదువుకున్నాను.

వదిన మందు అడిగింది. తేవడం మరిచిపోయానన్నాను. గడప అప్పటికే తొక్కేశాను కాబట్టి తిట్టి ఊరుకుంది.

మార్చి 31

రాస్తుంటే పెన్ను కాగితం చింపుతోంది. కోపంతోనే, ఇంకెందుకు.

ఆట సాయంత్రం మొదలైంది. ఆడవాళ్ళమంతా మిద్దెల మీద. కింద పిడకలు కాకుల గుంపులా లేచాయి. దుమ్ములో ఎవరు ఎవరి వైపో తెలియడం లేదు, వాళ్ళకూ తెలుస్తున్నట్టు లేదు. చూడటానికే వచ్చిన మా ఆయన పంచె ఎగ్గట్టి ముందు వరసలో ఉన్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. ఒకటి విసిరాడు, రెండు తిన్నాడు. రెండోది నుదుటి మీద. రక్తం చూసి పరుగెత్తుకుంటూ మెట్లు దిగాను. దిగేసరికి ఆయన కనిపించలేదు, జనంలో వెతికి వెతికి ఇంటికొచ్చాను.

అరుగు మీద దెబ్బలు తిన్న మగవాళ్ళు వరసగా కూర్చున్నారు. దేవుడి విభూతి పూసుకున్నా రక్తం ఇంకా కారుతున్నవాళ్ళు. మొదట వదిన మొగుడు సుంకప్ప అన్న, పక్కన సుంకప్ప తమ్ముడు ఈరప్ప, తర్వాత మా ఆయన, ఆ తర్వాత నాకు తెలియని తలలు. వదిన ఒక్కొక్కరి జుట్టు పట్టుకుని తల వంచి, నా గొట్టంతో, నా మందు, గాయం మీద గీత గీసినట్టు పిండుతోంది.

"కదలగాకురా! ఆదోని డాక్టర్ మందు. మా యమ్మ పగుళ్ళే పూడిపాయ, నీ బుర్ర పూడదా?"

నన్ను చూసి, "సంచిలో పెట్టుకోని తేలేదంటావా, పిసినారిదానా" అంది. ట్యూబును చపాతీ కర్రతో ఒత్తి చివరి బొట్టు దాకా తీసింది. అట్టముక్కలా చదునైపోయి ఉంది అది.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. క్లాసులో కూడా బెత్తంతో బల్ల మీద తట్టేదాన్నే కానీ అరిచేదాన్ని కాదు. అలాంటిదాన్ని అరిచాను.

"అది నా మందు! నా గర్భసంచి మందు!"

వీధిలో డప్పు కొట్టేవాడు కూడా ఆగిపోయాడు. సుంకప్ప అన్న మెల్లగా తల ఎత్తాడు.

"అమ్మా సరస్వతీ... ఆ గొట్టం?"

"గొట్టం కూడా అన్నా."

ఏప్రిల్ 1

పొద్దున్నే అరుగు నిండా జనం. ఈరప్ప రాత్రంతా ఫోన్‌లో వెతికి ఆ మందు ఆడవాళ్ళ హార్మోన్ అని కనిపెట్టాడు. అప్పటి నుంచీ ఊళ్ళో సగం మంది మీసాలు తడుముకుంటున్నారు.

"నా గొంతు సన్నంగ అయినాదా?" అని ఈరప్ప అందరినీ అడుగుతున్నాడు. అతని గొంతు పుట్టినప్పటి నుంచీ సన్నమే, కానీ ఎవరూ ఆ మాట అనలేదు. సుంకప్ప అన్న చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని కూర్చున్నాడు, ఆ ఎండలో.

"మాకు న్యాయం సెప్పల్ల సరస్వతీ. డాక్టర్‌కు ఫోన్ సెయ్యి. అందరికీ ఇనపడేట్లు పెట్టు."

పెట్టాను. ఏం జరిగిందో వరసగా చెప్పాను, పిడకలతో సహా. అవతల దగ్గు లాంటిదొకటి వినిపించింది. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటోందని నాకు తెలిసింది, ముప్పై ఏళ్ళు క్లాసు చూసినదాన్ని.

"అంత కొంచెం పుండు మీద పడితే ఏమీ కాదు మేడం. మీసాలు ఏడికీ పోవు. దాని కంటే పిడక దెబ్బలు గదా, అందర్నీ ధనుర్వాతం సూది వేయించుకోమనండి."

అరుగంతా ఊపిరి పీల్చుకుంది. నేను ఫోన్ ఆపేలోపలే ఆ పిల్ల మళ్ళీ మాట్లాడింది. పక్కన ఊరంతా వింటోందని నేను చెప్పలేదు కదా, ఆమెకెలా తెలుస్తుంది.

"మరి మీ సంగతేంది మేడం? మందు ఆగిపాయ గదా. ముందు బ్రష్షుతో తీసిన స్మియర్లో తేడా తక్కువేం లేదు. క్యాన్సర్ కాదని తేల్చుకోవాలంటే నేను ఆ చోటు చూడాల్సిందే. మళ్ళీ మొదలుపెట్టి ఇరవై మూడున రండి."

ఇన్నాళ్ళూ ఆ మాట ఈ డైరీలో రాయలేదు. ఇప్పుడు డాక్టరు అన్నది కాబట్టి ఎత్తి రాశాను, నాది కాదు.

అరుగు ఖాళీ అయింది. మీసాల సంగతి మరిచిపోయి ఒక్కొక్కరూ నా వైపు చూడకుండా చెప్పులేసుకుని పోయారు. వదిన మాత్రం నేరుగా వంటింట్లోకి పోయింది. గొట్టాన్ని వేణ్ణీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టింది.

బస్సులో ఆయన తల కట్టుతో నా పక్కన కూర్చున్నాడు. ఆస్పరి దాటాక అన్నాడు.

"నాకెందుకు సెప్పలే?"

"నువ్వెందుకు అడగలేదు?"

ఆదోని వచ్చేదాకా ఇద్దరం కిటికీ బయటికే చూశాం. కిటికీ నా వైపు ఉంది. ఆయన నా మీదుగా చూడాల్సి వచ్చింది.

ఏప్రిల్ 2

ఎమ్మిగనూరులో ఎన్ని మందుల షాపులున్నాయో ఆయన అన్నీ తిరిగాడట. మొదటి షాపులో గొణిగితే దగ్గు మందు ఇచ్చారట. రెండో షాపులో చేత్తో చూపించబోతే బయటికి పొమ్మన్నారట. పక్కూరు నందవరంలోనూ లేదు. చివరికి ఆదోని, అక్బర్ షాపు. అక్కడికి పోయేసరికి ఆయనకు సిగ్గు చచ్చింది. టికెట్ టికెట్ అని అరిచే గొంతుతో అడిగాడట.

"నా పెండ్లాం గర్భసంచి ముఖద్వారానికి ఈస్ట్రోజెన్ క్రీమ్! ఉందా లేదా?"

వరసలో నిలబడినవాళ్ళు దారి ఇచ్చారట.

"పక్కింటామెకు కదన్నా?" అన్నాడట అక్బర్.

"మా పక్కింట్లో ఉండేది ముసలోడొక్కడే!"

ఈ సంగతి ఇంటికొచ్చి ఆయనే చెప్పాడు. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. అక్బర్ ఎల్లుండికి కర్నూలు నుంచి తెప్పిస్తాడట.

ఏప్రిల్ 4

ట్యూబు వచ్చింది. ఆయన రెండు తెచ్చాడు. ఎవరి తలలైనా పగిలితే ఉంటుందట.

ఏప్రిల్ 5

పొద్దున చూస్తే నిఘంటువు వెనక మందు లేదు. వెతికితే దేవుడి గూట్లో ఉంది. అత్త రెండు ట్యూబులకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

"నా కాళ్ళకు కొబ్బరినూనె సాలు. నీ మందు నేను ముట్టను, ఎవర్నీ ముట్టనీను" అంది. తన కాళ్ళు నాకు కనపడకుండా చీర కిందికి లాక్కుంది. ముట్టలేదంటూనే బొట్టు ఎలా పెట్టిందని అడగబోయి ఊరుకున్నాను. ఈస్ట్రోజెన్‌కు పూజ చేసిన ఇల్లు లోకంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

ఏప్రిల్ 9

సుంకప్ప అన్న ఆయనకు ఫోన్ చేశాడు. ఊళ్ళో అందరికంటే వాళ్ళ గాయాలే ముందు మానాయట. ఈరప్పకైతే మచ్చ కూడా లేదట. వచ్చే ఏడు ఆటకు అవతలి జట్టుకు తెలియకుండా ఒక పెట్టె తెప్పించుకుందామా అని అడుగుతున్నాడు.

ఆయన కాసేపు ఆలోచించాడు! నేను చూస్తున్నానని గుర్తొచ్చి వద్దన్నాడు.

ఏప్రిల్ 15

భయంగా ఉంది.

ఏప్రిల్ 16

నిన్న రాసింది కొట్టేద్దామని తీశాను. కొట్టేయలేదు. భయంగా ఉంది, ఇవాళ కూడా. క్లాసులో పిల్లలకు పద్యంలో శోకం వివరిస్తూ ఎన్నేళ్ళు గడిపాను, ఒక్కనాడైనా నాకు అర్థమై చెప్పానా? అన్నం మెతుకు గొంతు దిగదు అంటే అలంకారం అనుకునేదాన్ని. నిజంగానే దిగదు.

ఏప్రిల్ 21

పరీక్షకు రెండు రోజుల ముందు మందు ఆపమంది సాదియా, కాబట్టి ఆపాను. అలవాటుగా ఆయన గూట్లోంచి ట్యూబు తెచ్చి చేతికిచ్చాడు. వద్దు, అయిపోయింది అంటే ముఖం పాలిపోయింది పాపం. అయిపోయింది మందు వాడకమే, నేను కాదని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఏప్రిల్ 23, బుధవారం

ఒంటరిగా పోదామనుకున్నాను. ఆయన వచ్చాడు. అత్త కూడా బయల్దేరింది, పెరుగన్నం డబ్బాతో. క్లినిక్కులో బెంచీ మీద ఇద్దరూ రెండు వైపులా నన్ను పోలీసుల్లా పట్టుకుని కూర్చున్నారు. అత్త పక్కన కూర్చున్న గర్భిణికి మందుకు గొట్టం ఎందుకుంటుందో వివరించింది.

అదే బల్ల, అదే క్యాలెండరు. ఈసారి అచ్చుతప్పులు కనపడలేదు, కళ్ళు మూసుకున్నాను. వెనిగర్ వాసన వచ్చింది, తేడా ఉన్న చోటు తెల్లబడేందుకు పూస్తారట. చల్లగా తగిలింది.

"కనపడ్తాంది మేడం" అంది సాదియా. "మొత్తం కనపడ్తాంది. చుట్టూ."

ఆ గొంతులో సంతోషం విని నాకు ఒళ్ళు మండింది. కనపడింది సరే, కనపడింది ఏమిటి?

"ఒక పక్కన తెల్లగా ఉంది. అక్కడ్నించి చిన్న ముక్క తీస్తా. చూస్తారా మీరు? ఇక్కడ తెరలో వస్తాది."

చూడనన్నాను. ఆమె ఏదో తీసుకుంటుంటే తల తిప్పి తెర వైపు చూశాను. గులాబీ రంగులో, తడిగా, గుండ్రంగా. ఒక అంచున తమలపాకు మీద సున్నం వేలు తుడిచినట్టు తెల్లని మరక. యాభై ఎనిమిదేళ్ళు నాతో ఉండి, ఇద్దరు పిల్లలను లోకంలోకి పంపింది ఇదేనా? దీని పేరు మా అమ్మ నాకు చెప్పలేదు, నేను నా కూతురికి చెప్పలేదు. ఇంకోసారి చూపించమన్నాను. చూపించింది. చురుక్కుమంది, ముక్క తీసింది.

బయటికొస్తే ఆయన లేచి నిలబడ్డాడు. ఏమన్నారని అడుగుతాడనుకున్నాను.

"నొప్పి అయినాదా?" అన్నాడు.

బస్టాండులో మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఏడ్చాను. ఆపుకుందామని కూడా చూడలేదు. బజ్జీ కారంగా ఉందేమో అని బండివాడు మంచినీళ్ళిచ్చాడు. అత్త వాడిని పట్టుకుని తిట్టింది.

ఏప్రిల్ 28

రిపోర్టు రాలేదు. ఎవరూ ఏమీ తినడం లేదు. అందరూ వండుతున్నారు.

మే 2

క్యాన్సర్ కాదు.

నా చేత్తో నేను రాసుకుంటున్నాను. క్యాన్సర్ కాదు. దానికి ముందు దశ. వదిలేస్తే కొన్నేళ్ళకు అదే అయ్యేదట. ఆ చోటంతా కనపడింది కాబట్టి ఎంత తీయాలో తెలుసట, సన్నటి తీగతో ఆ కాస్తా తీసేస్తే సరిపోతుంది, ఆ రోజే ఇంటికి రావచ్చని సాదియా ఫోన్‌లో చెప్పింది. తర్వాత ఏటా చూపించుకోవాలి.

ఆదోనిలో రిపోర్టు తీసుకుని వస్తుంటే బస్సులో ఆయన ఉన్నట్టుండి లేచి నిలబడి, కడ్డీ పట్టుకుని, వెనక సీటు దాకా వినపడేట్టు, "నా పెండ్లానికి క్యాన్సర్ లేదంటప్పా!" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరో ముసలాయన చప్పట్లు కొట్టాడు. కండక్టరు ఆయన్ని గుర్తుపట్టి టీ తాగిస్తానన్నాడు. కౌతాళం పోవాల్సిన ఒకామె తప్పు బస్సెక్కానని ఆ గోలలోనే తెలుసుకుని దిగిపోయింది, దిగుతూ కూడా నాకు దండం పెట్టింది. ఎంత సంతోషంగా ఉందో రాయలేను. తెలుగు టీచర్ని, మాటలు లేవు.

మే 4, ఆదివారం

సాయంత్రం ఫోన్ మోగింది. ఎవరో తెలియలేదు, అంత చిన్నగా ఉంది గొంతు.

"సరస్వతీ, పక్కన ఎవురన్నా ఉండారా?"

ఎల్లమ్మ వదిన. ఎవరూ లేరన్నాను.

"అందరికీ ఇనపడేట్లు పెట్టలేదు గదా?"

"లేదు వదినా."

బర్రె మెడలో గంట చప్పుడు వినిపించింది. పశువుల కొట్టంలోకి పోయి మాట్లాడుతోంది.

"నాకు ముట్లు నిలిసి పదేండ్లు దాటె. పోయిన దీపావళి కాడ్నుంచి మళ్ళా రగతం కనపడ్తాంది. వస్తాది, పోతాది. మీ అన్నకు సెప్పలే. ఆ పొద్దు నువ్వు అరిసినావు సూడు, అప్పుడే సెప్దామనుకుంటి. ఆడ మొగోళ్ళంతా కూర్చోనుండ్రి."

నాకు రక్తం పడలేదు. రక్తం ఏమైనా పడుతోందా అని ప్రతిసారీ సాదియా ఎందుకు అడిగేదో నాకు తెలుసు, అది ఆ జబ్బుకు గుర్తు కావచ్చు.

"ఆ పిల్ల డాక్టర్ సూస్తాదా నన్ను? నొప్పి ఉంటాదా?"

"కొంచెం ఉంటుంది వదినా. నేను పక్కనే ఉంటాను."

వదిన ఏడ్చింది. ఆమెకూ ఏడుపొస్తుందని నాకు తెలియదు. ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

బుధవారం దాకా ఆగేది లేదు. సాదియాకు ఫోన్ చేశాను, రేపే కర్నూలుకు తీసుకురమ్మంది. ఆయన తోడొస్తానన్నాడు, వద్దన్నాను. పొద్దున ఫస్ట్ బస్సుకు కైరుప్పల పోతున్నాను. వదినను చెయ్యి పట్టుకుని తీసుకుపోతాను.